స్టార్ట్ అయిన కాసేపటికే ఇంజిన్ ఆగిపోతోందా? పార్టులు మార్చకముందు ఈ వరుసలో చూడండి

సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంటుంది. రెండు మూడు సెకన్లో, రెండు మూడు నిమిషాలో తిరిగి చప్పున ఆగిపోతుంది. మళ్లీ కొడితే మళ్లీ అదే తంతు. బెంగళూరులో ఉండే మనవాళ్లు పదేపదే అడిగే సమస్య ఇది. సంక్రాంతికి బస్సులో ఊరెళ్లి వచ్చి, బేస్‌మెంట్‌లో పెట్టిన కారు తీసే రోజుల్లో మరీ ఎక్కువ.

అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే బ్యాటరీయో ఫ్యూయల్ పంపో మార్పించేసి ఉంటారు. డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఇంజిన్ ఏ క్షణంలో, ఏ తీరుగా ఆగుతోందో చూస్తే సగం దారి దొరికినట్టే. అందుకే ఖర్చు లేని పరీక్షలు ముందు, విప్పదీసే పనులు తర్వాత వచ్చేలా ఈ వరుస పెట్టాను.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లకు. డీజిల్, సీఎన్‌జీ బండ్ల సంగతి 9వ భాగంలో ఉంది.

## 1. మొదలుపెట్టే ముందు

బండిని ఆరుబయటికి తెండి. ఇంజిన్ నిలబడకపోతే ఇద్దరు పట్టి తోయించండి. బేస్‌మెంట్‌లో పొగ బయటికి పోయే దారి ఉండదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఈ ఒక్క విషయంలో మొహమాటం, బద్ధకం రెండూ పనికిరావు.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- డిజిటల్ మల్టీమీటర్ (ఎస్పీ రోడ్డులో మామూలు రకం చాలు)
- మంచి టార్చి, 10 నంబరు స్పానర్, స్క్రూడ్రైవర్
- పాత టూత్‌బ్రష్, పీచు రాలని గుడ్డ
- ఫోన్‌తో జతయ్యే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివేది)
- కారు రెండో తాళం
- కారు మాన్యువల్

హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. చున్నీ, వదులు చొక్కా, మెడలో గొలుసు ఉంటే తీసేయండి. రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆగి ఉన్నా ఒక్కసారిగా తిరగొచ్చు. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పున కొడితే అక్కడితో ఆపేయండి, సెల్ఫ్ ముట్టుకోవద్దు.

ఇంకో హెచ్చరిక. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు వైపు మునిగినట్టు మీ బండి కూడా నీళ్లలో నిలబడి ఉంటే ఈ పరీక్షలేవీ చేయకండి. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. టోయింగ్ పెట్టి షెడ్డుకు పంపడమే మార్గం.

## 2. ఎప్పుడు ఆగుతోంది? కాగితం మీద రాయండి

అందరూ దాటేసే మెట్టు ఇది. నన్నడిగితే మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, ఫోన్‌లో వీడియో తీయండి. ఆర్పీఎం ముల్లు, డ్యాష్‌బోర్డు లైట్లు రెండూ కనబడాలి.

తాళం స్టార్ట్ దగ్గర పట్టుకున్నంతసేపే తిరిగి, వదలగానే ఆగితే: ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయని అనుమానించండి.

ఒకటి రెండు సెకన్లకే, ప్రతిసారీ అదే లెక్కగా ఆగితే: ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు) తాళాన్ని గుర్తించడం లేదేమో. 3వ భాగం చూడండి.

అయిదారు సెకన్లు తిరిగి, నీరసపడుతూ ఆగితే: పెట్రోలు అందడం లేదు. 6వ భాగం.

ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగేటప్పుడు) ఆగుతుంది, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కిపట్టి 1500 ఆర్పీఎం దగ్గర ఉంచితే మాత్రం హాయిగా తిరుగుతుంది: గాలి దారిలో, అంటే థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం), ఐడిల్ కంట్రోల్ వాల్వు, వాక్యూమ్ పైపుల్లో ఉంది విషయం. 7వ భాగం.

తొక్కేకొద్దీ ఇంకా ఉక్కిరిబిక్కిరై ఆగితే: పెట్రోలు ప్రెషర్ చాలడం లేదు, లేదా సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయింది.

ఏసీ వేయగానే, లేదా స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే ఆగితే: బరువు పడినప్పుడు ఐడిల్ పెంచలేకపోతోంది. మళ్లీ థ్రాటిల్ బాడీయే.

బ్రేకు తొక్కగానే ఆగితే: బ్రేక్ బూస్టర్ లేదా దాని వాక్యూమ్ పైపు లీకు. పెడల్ గట్టిపడి, తొక్కినప్పుడు బుస్సుమంటుంది. ఇది భద్రతకు సంబంధించింది, బండి నడపకండి.

ట్యాంక్ నింపించిన వెంటనే మాత్రమే ఆగితే: పర్జ్ వాల్వు. 6వ భాగం చివర ఉంది.

వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే: క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కు చెప్పేది). 8వ భాగానికి వెళ్లండి.

ఆగేటప్పుడు ఆర్పీఎం ముల్లు ఎలా పడిందో కూడా రాయండి. తడబడుతూ మెల్లగా దిగితే గాలి, పెట్రోలు వైపు వెతకాలి. ఉన్నచోటి నుంచి ఒక్క దెబ్బకు సున్నాకు పడితే కరెంటు వైపు: సెన్సర్, రిలే, వైరు, స్విచ్.

## 3. తాళం, ఇమ్మొబిలైజర్

డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ లైటు ఆన్ చేయగానే వెలిగి ఆరిపోవాలి. మిణుకుమిణుకుమంటూనే ఉంటే కంప్యూటర్ మీ తాళాన్ని ఒప్పుకోవడం లేదన్నమాట.

- రెండో తాళంతో ప్రయత్నించండి.
- గుత్తిలో వేరే చిప్ తాళాలు, కార్డులు ఉంటే విడదీయండి.
- పుష్ బటన్ కారైతే రిమోట్‌ను బటన్‌కు ఆనించి స్టార్ట్ చేయండి, రిమోట్ బ్యాటరీ కూడా మార్చండి.

రెండో తాళంతో ఇంజిన్ నిలబడితే ఇక బానెట్ ఎత్తే పనే లేదు, మొదటి తాళంలోని చిప్‌దే తప్పు. బయట బిగించిన అలారం, సెంట్రల్ లాక్ ఉన్న కార్లలో అతుకులు వేసిన వైర్లు వదులవుతుంటాయి. వాటినీ చూపించండి.

## 4. బ్యాటరీ, ఎర్తింగ్

ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మీటర్ 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య చూపించాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొత్త కార్లలో ఆల్టర్నేటర్ చార్జింగ్‌ను కంప్యూటర్ తగ్గించి పెంచుతుంటుంది కాబట్టి హెడ్‌లైట్లు వేసి కొలవండి.

నడుస్తుండగా కూడా 12కి దిగుతూ పోతే ఆల్టర్నేటరో బెల్టో చూడాలి.

టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి వేడినీళ్లు, వంటసోడాతో బ్రష్ పెట్టి కడిగి, ఆరాక బిగించండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. చేత్తో తిప్పితే టెర్మినల్ కదలకూడదు.

అక్కడితో వదిలేయకండి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలు చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కారుకు ఒక షెడ్డులో కొత్త ఫ్యూయల్ పంపు వేశారు. అయినా రోజూ పొద్దున రెండుసార్లు ఆగేది. చూస్తే గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ పట్టీ బోల్టు వేళ్లతో తిప్పితే తిరిగేంత వదులుగా ఉంది, కింద పెయింటు మీద గోధుమరంగు తుప్పు వలయం కట్టింది. గరుకు కాగితంతో రుద్ది బిగించగానే సరిపోయింది.

బ్యాటరీ మార్చిన మర్నాటి నుంచే ఆగడం మొదలైతే కొత్త బ్యాటరీని తిట్టుకోకండి. కరెంటు తీసేయడంతో కంప్యూటర్ నేర్చుకున్న ఐడిల్ లెక్కలు చెరిగిపోయాయి. మసి పట్టిన థ్రాటిల్‌ను ఇన్నాళ్లూ ఆ లెక్కలే మోస్తూ వచ్చాయి.

## 5. ఎలుకలు

బెంగళూరులో దీనికి విడిగా ఓ భాగం ఇవ్వక తప్పదు. రాత్రి వెచ్చటి ఇంజిన్ మీదికి ఎక్కి వైర్లు, రబ్బరు పైపులు కొరికేస్తాయి. వారం రోజులు కదలని కారంటే వాటికి ఇల్లే.

టార్చి వేసి వెతకండి:

- ఎలుక పెంటికలు, బొచ్చు, కొబ్బరి ముక్కలు, బానెట్ కింది దూది పీలికలు
- ఇంజెక్టర్లకు, ఇగ్నిషన్ కాయిల్స్‌కు, ఆక్సిజన్ సెన్సర్‌కు వెళ్లే వైర్లు
- పెట్రోలు పైపు, సన్నటి వాక్యూమ్ పైపులు
- ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల (గూడు కట్టి గాలి దారి మూసేస్తాయి)

పైపైన చూస్తే దొరకదు. వైర్ల కట్ట కింద, క్లిప్పు వెనకాల అంగుళం మేర తొక్క ఊడి రాగి మెరుస్తూ ఉంటుంది. తీగ పూర్తిగా తెగకపోవడమే చిక్కు. ఇంజిన్ అదిరినప్పుడల్లా ఒక పోగు తగులుతూ, వదులుతూ ఉంటుంది, బండి ఆగుతూ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా అనుమానమున్న వైరు కట్టను పొడి కర్రతో మెల్లగా కదిపి చూడండి. అదే క్షణంలో ఆగితే చోటు దొరికినట్టే. ఇగ్నిషన్ కాయిల్స్‌వైపు మాత్రం వెళ్లకండి, అక్కడ వోల్టేజి వేలల్లో ఉంటుంది.

మెలేసి టేపు చుట్టే పని చేయించకండి. టంకం పెట్టి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగించండి. నివారణకు పొగాకు కాడలు కట్టేవాళ్లున్నారు. వాసన ఉన్నన్నాళ్లే పనిచేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ ముక్కుకు సన్నటి స్టీలు జల్లెడ, రెండ్రోజులకోసారి బండి కదపడం, పార్కింగ్ పక్కన చెత్త డబ్బా లేకుండా చూసుకోవడం మేలు.

## 6. పెట్రోలు అందుతోందా?

సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ వరకు తిప్పండి. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు గుయ్‌మని సన్నటి మోత రావాలి. పుష్ బటన్ అయితే బ్రేకు తొక్కకుండా రెండుసార్లు నొక్కండి. కొన్ని కార్లలో డోరు తెరవగానే పంపు తిరుగుతుంది. రేడియో, ఏసీ ఆపి వినండి.

మోత రాకపోతే ఫ్యూజ్, తర్వాత రిలే. ఫ్యూజు పెట్టెలో అదే నంబరు అచ్చయిన హారన్ రిలే ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, రూపాయి ఖర్చు లేదు.

మోత వస్తున్నా అనుమానముంటే తాళం ఆన్, ఆఫ్ మూడు సార్లు చేసి, అప్పుడు స్టార్ట్ చేయండి. మామూలు కంటే ఎక్కువసేపు నిలబడితే పంపు నీరసించింది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా ప్రెషర్ ఎక్కడో కారుతోంది. నిర్ధారణ మాత్రం ప్రెషర్ గేజ్‌తో మెకానిక్ చేయాలి. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ మోడల్‌కు ఎంతో సర్వీస్ మాన్యువల్ చూసి సరిపోల్చమనండి. ఆ గేజ్ పెట్టకుండా పంపు మార్చాలని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో కార్లలో ప్రెషర్ చాలా ఎక్కువ, పైపులు మీరు విప్పకండి.

పెట్రోలు పాతబడిందా అన్నది కూడా చూడాలి. ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను లాగుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఆ రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి, పంపు ముందుగా తాగేది ఆ అడుగుదే. నెలల తరబడి పావు ట్యాంక్‌తో నిలబెట్టిన బండిలో, వానల్లో పెట్రోలు కొట్టించిన బండిలో ఇది తరచూ కనబడుతుంది. మెకానిక్‌తో కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీయించి అరగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడితే ట్యాంక్ ఖాళీ చేయించి శుభ్రం చేయించాలి. బంకు బిల్లు పారేయకండి.

ఇక పర్జ్ వాల్వు. ట్యాంక్ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే చిన్న వాల్వు ఇది. తెరుచుకుని ఇరుక్కుంటే, నిండా కొట్టించిన వెంటనే ఇంజిన్‌లోకి ఆవిరి అతిగా పోయి ఆగిపోతుంది. చల్లటి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, బొగ్గు డబ్బా (ట్యాంక్ ఆవిరిని పట్టి ఉంచేది) వైపు పైపు ఊడదీసి వాల్వు మూతి దగ్గర వేలు పెట్టండి. పీల్చకూడదు. పీలుస్తుంటే వాల్వు పోయినట్టే. బంకులో ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టించే అలవాటు మానుకోండి, ద్రవ పెట్రోలు బొగ్గు డబ్బాలోకి చేరి ఈ జబ్బు తెస్తుంది.

## 7. గాలి దారి

ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఆరేడు కిలోమీటర్లు, సిల్క్ బోర్డు దగ్గర ఐడ్లింగ్‌లో అరగంట. ఇలా నడిచే బండికి థ్రాటిల్ రేకు అంచున నల్లటి జిగురు మసి పేరుకోవడం మామూలే. ఐడ్లింగ్‌లో గాలి వెళ్లే సందు వెంట్రుకంత. అది మూసుకుపోతే ఇంజిన్‌కు ఊపిరాడదు.

శుభ్రం చేసే వరుస:

1. ఇంజిన్ చల్లారనివ్వండి, బ్యాటరీ నెగటివ్ విప్పండి.
2. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం తీసి, చీలికలున్నాయేమో మడతలు విప్పి చూడండి.
3. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి రేకు అంచు, చుట్టూ గోడ తుడవండి. నేరుగా లోపలికి కొడితే మోటారులోకి దిగుతుంది.
4. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో బలవంతంగా నెట్టకండి, పళ్లు విరుగుతాయి. గరుకు కాగితం అసలే వద్దు.
5. అన్నీ బిగించి, మాన్యువల్‌లో ఉన్నట్టు లేదా స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కు ఐడిల్ లెక్క మళ్లీ నేర్పడం) చేయండి.

అయిదో మెట్టు వదిలేసి, శుభ్రం చేశాక ఇంకా పాడైందని కంగారుపడేవాళ్లు ఎక్కువ. కొద్దిసేపు ఆర్పీఎం ఎక్కువగా ఉండటం సహజం. వేడెక్కాక, ఏసీ ఆపి ఉన్నప్పుడు, చాలా కార్లు 650 నుంచి 850 మధ్య స్థిరపడతాయి.

వాక్యూమ్ లీకు ఉంటే బుస్సుమనే శబ్దం వస్తుంది. పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపేది), బ్రేక్ బూస్టర్ పైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ ముఖ్యం. ఒక్కో పైపునూ వేళ్లతో నొక్కి చూడండి, ఇంజిన్ తీరు మారితే అదే. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే కొట్టి లీకు వెతికే పద్ధతి నేను చెప్పను, నిప్పంటుకుంటుంది. షెడ్డులో పొగ పరీక్ష చేయించడం మేలు.

గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కార్లలో, ఇంజిన్ ఆపి దాని ప్లగ్ ఊడదీసి స్టార్ట్ చేయండి. అప్పుడు నిలబడితే సెన్సర్ తప్పుడు లెక్క ఇస్తోంది. దానికి విడిగా దొరికే క్లీనరే వాడాలి.

## 8. స్కానర్ చెప్పేది

2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-4, బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణాలు) కార్లన్నిటికీ స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు లేకపోయినా స్కానర్ పెట్టండి. కోడ్లు చెరపకముందు ఫోటో తీయండి.

- పి0171: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ
- పి0087: ఫ్యూయల్ రైల్ ప్రెషర్ తక్కువ
- పి0335, పి0340: క్రాంక్, క్యామ్ సెన్సర్లు
- పి0506: ఐడిల్ ఉండాల్సిన దానికంటే తక్కువ
- పి0118: కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్

కోడ్ అంటే చిరునామా మాత్రమే, తీర్పు కాదు. పి0171 వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చడం చాలాసార్లు వృథా. ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క) చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకొస్తే వాక్యూమ్ లీకు. రేస్ ఇచ్చేకొద్దీ ఇంకా పెరిగితే పెట్రోలు చాలడం లేదు.

చల్లటి బండిలో కూలెంట్ ఉష్ణోగ్రత బయటి వాతావరణంతో సరిపోవాలి. డిసెంబరు పొద్దున 17 డిగ్రీలున్నప్పుడు స్కానర్ మైనస్ 40 చూపిస్తే సెన్సర్ వైరు తెగింది. గడ్డకట్టే చలి అనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది, ఇంజిన్ మునిగి ఆగుతుంది.

మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) దగ్గర మనవాళ్లు పొరబడేది ఒకటుంది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచితే 101 కిలోపాస్కల్ చూపించాలని వీడియోల్లో చెబుతారు. అది సముద్రమట్టం లెక్క. చెన్నైలో సరిపోతుంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ 90, 91 రావడమే సరైనది. దాన్ని చూసి సెన్సర్ మార్చేయకండి.

వేడెక్కాక ఆగే బండికి, ఆగిన వెంటనే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ వేడికి చచ్చుబడుతోంది. చల్లారాక పరీక్షిస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనబడతాయి, అందుకే షెడ్డులో దొరకదు.

## 9. డీజిల్, సీఎన్‌జీ బండ్లు

డీజిల్ బండి స్టార్టయి ఆగితే మొదటి అనుమానం పైపులో గాలి. ఫిల్టర్ మార్చిన వెంటనే మొదలైతే దాదాపు అదే. హ్యాండ్ ప్రైమర్ బల్బు గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేయండి. ఫిల్టర్‌లో నీళ్ల లైటు వెలిగితే కింది మర విప్పి నీళ్లు దించండి. తర్వాత చూడాల్సింది ఈజీఆర్ వాల్వులో (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) పేరుకున్న మసి. కామన్ రైల్ పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ జోలికి వెళ్లొద్దు.

సీఎన్‌జీ కారు గ్యాస్‌కు మారేటప్పుడే ఆగితే స్విచ్ పెట్రోలు మీద పెట్టి చూడండి. పెట్రోలు మీద నిలబడితే గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్ చూపించాలి. స్టార్టింగ్‌లోనే, పెట్రోలు మీదే ఆగితే ట్యాంకులో అడుగంటిన పాత పెట్రోలును అనుమానించండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్‌ను పరీక్షించడం పాత పద్ధతి. ఇప్పటి కార్లలో వోల్టేజి ఎగిసి కంప్యూటర్ కాలిపోవచ్చు.

ఆగిన ప్రతిసారీ పదే పదే సెల్ఫ్ కొట్టడం. పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి.

ఒకేసారి మూడు పార్టులు మార్చడం. బాగైనా దేనివల్లో తెలియదు, తిరగబెడితే మళ్లీ మొదటికి. జేసీ రోడ్డులో పార్టు కొంటే పాతదాన్ని వెంట తీసుకెళ్లి నంబరు సరిచూసుకోండి, బిల్లు అడగండి.

రోడ్డు మీద కదులుతుండగా ఆగితే తాళం పూర్తిగా ఆఫ్‌కు తిప్పేయడం మరీ ప్రమాదం, స్టీరింగ్ లాక్ పడొచ్చు. బ్రేకు రెండు మూడు తొక్కుళ్ల వరకే తేలిగ్గా పడుతుంది కాబట్టి పంపు కొట్టకుండా ఒకేసారి గట్టిగా పట్టి, ఇండికేటర్లన్నీ వేసి పక్కకు తీయండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి.

## 11. షెడ్డుకు ఏం తీసుకెళ్లాలి, తిరిగొచ్చాక ఏం చూడాలి

- చల్లటి స్టార్ట్ వీడియో, రాసిన కాగితం
- కోడ్ల ఫోటో, బ్యాటరీ మూడు రీడింగులు
- చివరిగా పెట్రోలు ఎక్కడ, ఎప్పుడు కొట్టించారో
- ఈ మధ్య బండిలో మార్చినవి, కడిగించినవి

"స్టార్ట్ కావట్లేదన్నా" అంటే మెకానిక్ సెల్ఫ్ వైపు వెళ్తాడు. "చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి అయిదు సెకన్లకు ఆగుతుంది, రేస్ ఇస్తే నిలబడుతుంది అన్నా" అని చెప్పండి. బెంగళూరు షెడ్లలో తెలుగు అర్థం చేసుకునేవాళ్లకు కొదవలేదు, భాష గురించి వెనకాడకుండా వివరంగా చెప్పండి. తీసేసిన పాత పార్టు అడిగి తీసుకోండి.

బండి సాయంత్రం చేతికిచ్చి బాగైందంటే అప్పుడే నమ్మకండి. వేడి ఇంజిన్ మీద చేసిన పరీక్ష అది. వీలైతే ఒక రాత్రి అక్కడే ఉంచి, పొద్దున మీరే వెళ్లి చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయండి. ఏసీ వేసి, స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి, అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో వదలండి. స్కానర్ మళ్లీ పెట్టి పెండింగ్ కోడ్లు లేవని చూశాక డబ్బు కట్టండి.